నడక మానేసిన పసివాడు: కాళ్ళే కాదు, వెన్ను కూడా చూడాలి

నిన్నటిదాకా ఇల్లంతా తిరిగిన పిల్లవాడు ఇవాళ నడవనంటే ఎవరమైనా ముందు కాళ్ళే చూస్తాం. ముల్లు గుచ్చుకుందా, సోఫా మీంచి పడ్డాడా, మడమ బెణికిందా అని వెతుకుతాం. డాక్టర్లు కూడా చాలావరకు అక్కడినుంచే మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు, ఎక్కువసార్లు కారణం కాలులోనో తుంటిలోనో దొరుకుతుంది. కానీ కొద్దిమంది పిల్లల్లో నొప్పి ఉండేది వెన్నెముకలో. ఏడాదిన్నర పిల్లవాడు "నాకు నడుము నొప్పి" అని చెప్పలేడు. నడవడం మానేస్తాడు, కూర్చోబెడితే ఏడుస్తాడు, పడుకోబెడితే ఊరుకుంటాడు. వాడు చెప్పేది అంతే.

నేను డాక్టర్ని కాదు. గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చాను. డాలస్ దగ్గర ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఇదీ నా ఉద్యోగం. రెండేళ్ళ క్రితం మా చిన్నవాడికి పదిహేడో నెలలో వెన్నెముక ఇన్ఫెక్షన్ వచ్చింది. డిస్కైటిస్ అంటారు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళల్లా డిస్కులు ఉంటాయి కదా, అక్కడా, దానికి ఆనుకుని ఉన్న ఎముక అంచుల్లోనూ సూక్ష్మజీవులు చేరడం. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. ఈమధ్య మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి "బాబు వారం నుంచి కూర్చోవడం లేదు, జ్వరం లేదు, ఎవరికైనా ఇలా జరిగిందా" అని అడిగితే నలభై జవాబులు వచ్చాయి. పళ్ళు వస్తున్నాయని, దిష్టి తగిలిందని, గ్యాస్ అని. వెన్ను మాట ఒక్కరూ అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా వాడి సంగతి కొంచెం చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. మొదట హైచెయిర్‌లో కూర్చోనన్నాడు. తర్వాత కార్ సీట్‌లో బెల్టు పెడుతుంటే కెవ్వుమన్నాడు. మూడో రోజుకి నడక ఆగిపోయింది. డైపర్ మార్చేటప్పుడు ఏడుపు మరీ ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. డైపర్ మార్చేటప్పుడు రెండు పాదాలూ కలిపి పట్టుకుని పైకెత్తుతాం, అప్పుడు వంగేది నడుమే. జ్వరం మాత్రం 99 దాటలేదు. పీడియాట్రిషియన్ చెవులు, గొంతు, తుంటి, మోకాళ్ళు అన్నీ చూశారు. కాళ్ళకు ఎక్స్‌రే తీయించారు, బాగానే ఉంది. ఐబుప్రోఫెన్ ఇస్తే నాలుగైదు గంటలు హాయిగా ఆడుకునేవాడు, మళ్ళీ మామూలే.

అసలు మాట పట్టుకున్నది మా అత్తయ్యగారు, అదీ తెనాలి నుంచి వీడియో కాల్‌లో. "వాడు కాలు కాదమ్మా, నడుము కాచుకుంటున్నాడు చూడు. బొమ్మ తీసుకోవడానికి వంగట్లేదు, కర్రలా నిలబడే కిందికి దిగుతున్నాడు" అన్నారు. నిజమే, సోఫా పట్టుకుని నిలబడ్డవాడు కింద పడిన బొమ్మ కోసం నడుము వంచకుండా, మోకాళ్ళు మాత్రం మడిచి, ఒక చేయి తొడ మీద ఆనించి దిగుతున్నాడు. ఇదే మాట, ఇదే వరుసలో పీడియాట్రిషియన్‌తో చెప్పాను. ఆవిడ గది మధ్యలో నేల మీద ఒక బొమ్మ పెట్టి చూశారు, వీపు వెంబడి వేలితో నొక్కుతూ వచ్చారు, ఆ సాయంత్రమే రక్తపరీక్షలు రాశారు. ఎముకల డాక్టర్లు పిల్లల వెన్ను చూడటానికి చేసే పరీక్ష కూడా ఇంతే, నేల మీది వస్తువు తీయమనడం. దానికి ఏ మిషనూ అక్కర్లేదు. మీరు ఇంట్లో చేసి, ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించవచ్చు. క్లినిక్‌కి వెళ్ళేసరికి పిల్లలు భయంతోనే బిగుసుకుపోతారు, అప్పుడు ఏదీ సరిగా తెలియదు.

అత్తయ్యగారు నువ్వుల నూనెతో మర్దనా చేయమని కూడా అన్నారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళకు నడుము పడితే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించేవాళ్ళు. దిష్టి తీయండి, ఎవరికీ నష్టం లేదు. కానీ కారణం తెలియకుండా పసిపిల్లల నడుము పిసకడం, విరవడం, "సెట్" చేయించడం మాత్రం వద్దు. ఇక్కడి కైరోప్రాక్టర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇంత చిన్న పిల్లల వెన్నులోకి ఇన్ఫెక్షన్ ఎలా వెళ్తుంది? దెబ్బ లేదు, పుండు లేదు, సూది లేదు. చదువుకునే రోజుల్లో నాకూ ఇది తెలియదు. పెద్దవాళ్ళ డిస్కులకు నేరుగా రక్తనాళాలు ఉండవు. పసిపిల్లల్లో మాత్రం వెన్నుపూస చివరల్లోని మృదులాస్థి గుండా సన్నటి రక్తనాళాలు డిస్కు దాకా వెళ్తుంటాయి. పెరిగేకొద్దీ అవి మూసుకుపోతాయి. జలుబు చేసినప్పుడో, నోట్లో పుండ్లు వచ్చినప్పుడో కొద్దిపాటి బ్యాక్టీరియా రక్తంలోకి దిగితే, ఎక్కువమంది పిల్లల్లో ఒంటి రక్షణ వ్యవస్థే తుడిచేస్తుంది. ఎప్పుడో ఒకరిలో అవి ఆ సన్నని నాళాల్లో ఆగి, అక్కడ కాపురం పెడతాయి. అందుకే డిస్కైటిస్ ఎక్కువగా అయిదేళ్ళలోపు పిల్లల్లో, అదీ నడుము భాగంలో వస్తుంది. తల్లి శుభ్రత పాటించకపోవడం వల్ల వచ్చేది కాదు. ఇది ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, పిల్లకు ఏమొచ్చినా తల్లిని అడిగే అలవాటు మనవాళ్ళలో సముద్రాలు దాటినా పోలేదు.

కాస్త పెద్ద పిల్లల్లో ఇదే జబ్బు వేరే వేషంలో వస్తుంది. నాలుగైదేళ్ళ పిల్ల "కడుపు నొప్పి" అంటుంది. వెన్ను నుంచి బయల్దేరే నరాలు పొట్ట వైపు కూడా వెళ్తాయి కాబట్టి నొప్పి అక్కడ తెలుస్తుంది. మలబద్ధకమనో అపెండిక్స్ అనో పరీక్షలు నడుస్తాయి. ఎనిమిది పదేళ్ళ పిల్లలకైతే డిస్కు కంటే వెన్నుపూస ఎముకకే ఇన్ఫెక్షన్ పట్టవచ్చు. దాన్ని ఆస్టియోమైలైటిస్ అంటారు. వాళ్ళకు జ్వరం గట్టిగా వస్తుంది, నీరసపడిపోతారు, నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించగలరు. చిన్నవాళ్ళలోనే చిక్కు. లక్షణాలు మొదలయ్యాక జబ్బు పేరు తేలేసరికి రెండు మూడు వారాలు గడవడం ఇందులో మామూలే.

పరీక్షల విషయానికి వస్తే, "రక్తం బాగానే ఉంది" అనే మాట దగ్గర ఆగకండి. ఏ పరీక్ష బాగుందో అడగాలి. తెల్లకణాల లెక్క డిస్కైటిస్‌లో చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఎక్కువగా పెరిగేవి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ. మా వాడికి తెల్లకణాలు మామూలే, సీఆర్‌పీ కొంచెమే పెరిగింది, ఈఎస్‌ఆర్ మాత్రం 62. ఒంట్లో ఎక్కడో వాపు నడుస్తోందని ఇవి చెబుతాయి గానీ ఎక్కడో చెప్పవు. అలాగే నడుముకు తీసిన ఎక్స్‌రే మొదటి రెండు మూడు వారాల్లో మామూలుగా కనిపించవచ్చు. డిస్కు సన్నబడటం, ఎముక అంచు చెదరడం ఆ తర్వాతే తెలుస్తాయి. మొదటి వారం ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేదని కాదు, ఎక్స్‌రేకి ఇంకా కనపడలేదని అర్థం. లోపలి వాపును మొదట్లోనే పట్టేది ఎంఆర్‌ఐ.

ఎంఆర్‌ఐ అనగానే ఇంట్లో భయం మొదలవుతుంది. ఇందులో రేడియేషన్ లేదు, అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. చిన్నపిల్లలు అరగంటకు పైగా కదలకుండా ఉండలేరు కాబట్టి మత్తు ఇస్తారు. అందుకోసం కడుపు ఖాళీగా ఉండాలి. మామూలుగా చెప్పే లెక్క ఘనాహారమైతే ఆరు నుంచి ఎనిమిది గంటలు, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్ళు రెండు గంటలు. మీ ఆస్పత్రి చెప్పిందే పాటించండి. ఆకలికి ఏడుస్తున్నాడని జాలిపడి అమ్మమ్మో నానమ్మో ఒక బిస్కెట్ పెట్టారంటే స్కాన్ ఆ రోజుకి రద్దు. మా వాడి స్కాన్‌లో నడుము మూడో, నాలుగో వెన్నుపూసల మధ్య డిస్కు, దాని చుట్టూ ఎముక వాచి కనిపించాయి. చీముగడ్డ లేదు.

ఇక్కడ నడవకపోవడానికి ఉన్న మిగతా కారణాలు కూడా ఒకసారి చెప్పాలి. జలుబు తర్వాత వచ్చే తుంటి వాపు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. తుంటి కీలులో చీము పడితే మాత్రం గంటల్లో వెళ్ళాలి. ఆడుతూ పడితే పిక్క ఎముకలో సన్నటి పగులు రావచ్చు. అరుదుగా లుకేమియా కూడా ఎముకల నొప్పితో మొదలవుతుంది. ఇవన్నీ విడదీయడం డాక్టర్ పని. మన పని ఏ కదలికకు ఏడుస్తున్నాడు, ఎప్పటినుంచి, రాత్రి నొప్పికి లేస్తున్నాడా, ఐబుప్రోఫెన్ ఎన్ని గంటలు పనిచేసింది అనేవి రాసి తీసుకెళ్ళడం.

ఇప్పుడు నా సబ్జెక్టు. మనలో చాలామంది ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో అజిత్రోమైసిన్, అమాక్సిక్లావ్ సీసాలు తెచ్చుకుంటాం. పిల్లవాడు నలతగా ఉంటే ముందు రెండు డోసులు వేసి చూస్తాం. వెన్ను ఇన్ఫెక్షన్‌లో ఆ రెండు డోసులు జబ్బును తగ్గించవు, దాని జాడను మాత్రం చెరిపేస్తాయి. రక్తం కల్చర్‌కి పంపినప్పుడు బ్యాక్టీరియా పెరిగితే ఏ మందు పనిచేస్తుందో కచ్చితంగా తెలుస్తుంది. ముందే యాంటీబయాటిక్ పడితే అవి పెరగవు, డాక్టర్ ఊహ మీద వైద్యం చేయాలి. ఒకవేళ ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా మందు పేరు, రోజు, డోసు చెప్పండి.

మందు పడకపోయినా ఈ జబ్బులో కల్చర్ చాలాసార్లు "నో గ్రోత్" అనే వస్తుంది. దానికి ఒక కారణం వెనక మంచి కథ ఉంది. చాలాకాలం పిల్లల ఎముకల ఇన్ఫెక్షన్లకు ముఖ్య దోషి స్టెఫైలోకాకస్ ఆరియస్ అనుకున్నారు, ఇప్పటికీ అది ముఖ్యమే. కానీ ఆరు నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్లో కింగెల్లా కింగే అనే మరో బ్యాక్టీరియా పెద్ద కారణమని తేలింది. అమెరికాలో సీడీసీలో పనిచేసిన బ్యాక్టీరియాలజిస్ట్ ఎలిజబెత్ కింగ్ 1960ల్లో దీన్ని గుర్తించారు, పేరు ఆవిడదే. ఇది మామూలు ప్లేట్ల మీద మొండికేస్తుంది. 1990ల మొదట్లో ఇజ్రాయెల్‌లోని బీర్‌షెబాలో పాబ్లో యగుప్‌స్కీ అనే డాక్టర్ కీళ్ళ నుంచి తీసిన ద్రవాన్ని ప్లేటు మీద కాకుండా రక్తం కల్చర్ సీసాల్లో పోస్తే ఇది చక్కగా పెరుగుతుందని చూపించారు. ఇప్పుడు పీసీఆర్ పరీక్ష ఉంది కాబట్టి పెంచకుండానే దాని జన్యువును వెతకవచ్చు. కింగెల్లా పసిపిల్లల గొంతులో ఏ హానీ చేయకుండా ఉంటుంది, డేకేర్‌లో ఉమ్మి ద్వారా ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. హ్యాండ్ ఫుట్ మౌత్ లాంటివి వచ్చి నోరు పుండైనప్పుడు లోపలికి దారి దొరుకుతుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరు నెలల తర్వాత తగ్గిపోవడం వల్ల ఆ వయసులోనే దీని బెడద.

ఇది తెలుసుకోవడం మనకెందుకంటే, మందు ఎంపిక దీని మీద ఆధారపడుతుంది. అమెరికాలో మందులకు లొంగని స్టాఫ్, అంటే ఎంఆర్‌ఎస్‌ఏ భయంతో వాంకోమైసిన్‌తోనో క్లిండమైసిన్‌తోనో మొదలుపెట్టడం ఉంది. కింగెల్లాకు వాంకోమైసిన్ సాధారణంగా పనిచేయదు, క్లిండమైసిన్‌కు కూడా చాలా రకాలు లొంగవు. సెఫలోస్పోరిన్ మందులకు మాత్రం బాగా లొంగుతుంది. కాబట్టి రెండేళ్ళ పిల్లవాడికి మందు మొదలై రెండు మూడు రోజులైనా మార్పు లేకపోతే "కింగెల్లాకు కూడా ఈ మందు సరిపోతుందా" అని అడగడంలో మర్యాద తప్పడమేమీ లేదు. నేను అడిగాను. ఇన్ఫెక్షన్ల డాక్టర్ నవ్వి, అందుకే సెఫజోలిన్ ఇస్తున్నామని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. మా వాడి కల్చర్‌లో ఏదీ పెరగలేదు.

డిస్కు నుంచి సూదితో ముక్క తీసి చూడటం చిన్నపిల్లల్లో ప్రతిసారీ చేయరు. వయసు, లక్షణాలు, స్కాన్ మూడూ కలిసి డిస్కైటిస్ అని చెబుతుంటే నేరుగా మందు మొదలుపెడతారు. మందుకు లొంగకపోతేనో, టీబీ లాంటిది అనుమానం ఉంటేనో బయాప్సీ మాట వస్తుంది. ముందు నరంలోకి, నొప్పి తగ్గి సీఆర్‌పీ దిగాక నోటి ద్వారా, మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు సాధారణంగా మందు నడుస్తుంది. మా వాడు ఆస్పత్రిలో ఉన్నది అయిదు రోజులు. మూడో రోజు తనంతట తాను లేచి కూర్చుని నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. కొందరు పిల్లలకు నడుముకు పట్టీలాంటి బ్రేస్ వేస్తారు, మా వాడికి అవసరం లేదన్నారు.

ఇంటికొచ్చాక అసలు పని ఉంటుంది. సెఫలెక్సిన్ సిరప్ ఫ్రిజ్‌లో పెట్టాలి, కలిపిన పద్నాలుగు రోజులకు పారేయాలి. అంటే నాలుగు వారాలకు కనీసం రెండు సీసాలు కావాలి. ఇన్సూరెన్స్ రెండో సీసాకి "ఇంకా టైం కాలేదు" అనకుండా ముందే ఫార్మసీతో మాట్లాడి పెట్టుకోండి. పిల్లవాడు వారానికే గంతులేస్తాడు, అప్పుడు మధ్యాహ్నం డోసు మర్చిపోవడం తేలిక. డేకేర్‌లో మందు వేయాలంటే డాక్టర్ సంతకంతో ఫారం అడుగుతారు. విరేచనాలు పలచబడితే పెరుగన్నం పెడుతూ చూడవచ్చు, నీళ్ళలా అయినా రక్తం కనిపించినా ఫోన్ చేయాలి. మధ్యలో రక్తపరీక్షలు ఉంటాయి. సీఆర్‌పీ త్వరగా దిగుతుంది, ఈఎస్‌ఆర్ నెమ్మదిగా దిగుతుంది, రెండూ ఒకేసారి తగ్గలేదని కంగారుపడనక్కర్లేదు. పిల్లవాడు బాగుంటే ఎంఆర్‌ఐ మళ్ళీ తీయాలని పట్టుపట్టకండి. పిల్లవాడు కోలుకున్నా స్కాన్‌లో మార్పులు చాలాకాలం కనిపిస్తాయి. ఆ డిస్కు కొంచెం సన్నగానే మిగిలిపోవచ్చు కూడా. ఎక్కువమంది పిల్లలకు దానివల్ల ఇబ్బంది ఉండదు.

ఎదురుచూడకూడని సందర్భం ఒకటుంది. కాళ్ళు మెత్తబడిపోవడం, కాలు కదపలేకపోవడం, డైపర్ గంటల తరబడి పొడిగా ఉండటం, మూత్రం, మలం మీద అదుపు వచ్చిన పిల్లలకు హఠాత్తుగా అది పోవడం. ఇవి చీము వెన్నుపామును నొక్కుతోందనడానికి గుర్తులు కావచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకోవద్దు, నేరుగా పిల్లల ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఇక మన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది టీబీ. 1779లో పెర్సివల్ పాట్ అనే ఇంగ్లీషు సర్జన్ వెన్ను వంగి కాళ్ళు చచ్చుబడే జబ్బును వర్ణించాడు, వెన్ను టీబీని ఇప్పటికీ పాట్స్ డిసీజ్ అంటారు. ఎముకలకు, కీళ్ళకు వచ్చే టీబీలో దాదాపు సగం వెన్నులోనే. ఇది డిస్కైటిస్‌లా రోజుల్లో కాదు, నెలల్లో నడుస్తుంది. పిల్ల బరువు పెరగదు, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుంది, వీపు మధ్యలో ఒక ఎముక పొడుచుకొచ్చి చిన్న గూనిలా కనిపిస్తుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో డాక్టర్‌కి టీబీ మొదట తట్టకపోవచ్చు. "గత రెండేళ్ళలో ఇండియా వెళ్ళాం, తాతగారికి పాత దగ్గు ఉంది, ఇంట్లో ఫలానా వాళ్ళు టీబీ మందులు వాడారు" అని మనమే చెప్పాలి. ఈ విషయంలో సిగ్గుపడి దాచేవాళ్ళను చూశాను. దాస్తే నష్టపోయేది పిల్ల వెన్ను.

ఇండియాలో పుట్టిన పిల్లలకు బీసీజీ టీకా వేస్తారు. అది పసివాళ్ళను టీబీ మెదడువాపు లాంటి తీవ్రమైన రూపాల నుంచి బాగా కాపాడుతుంది గానీ టీబీ రానే రాదని హామీ ఇవ్వదు. చేతి మీద చేసే చర్మపరీక్ష బీసీజీ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు, ఇగ్రా అనే రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు. రెండూ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని తేల్చలేం కూడా.

వైద్యం పొడుగే. పిల్లల ఎముకల టీబీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పన్నెండు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత రెండు. ఒకప్పుడు నెలల తరబడి మంచం మీద, పిండికట్టులో పడుకోబెట్టేవారు. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కొరియాలో చేసిన పరిశోధనల్లో మందులు సరిగా వాడితే ఆ మంచం, ఆ పిండికట్టు అదనంగా చేసే మేలు లేదని 1970ల్లో తేలింది. తర్వాత మద్రాసులో కూడా ఇలాంటి పరిశోధన సాగింది. అందులోని పిల్లలను పదిహేనేళ్ళు గమనించిన కోయంబత్తూరు సర్జన్ ఎస్. రాజశేఖరన్ 2001లో ఒక ముఖ్యమైన సంగతి ప్రచురించారు. టీబీ పూర్తిగా నయమయ్యాక కూడా కొందరు పిల్లల్లో, పెరిగే వయసంతా, వంపు పెరుగుతూనే ఉంటుందని. ఎవరికి అలా పెరుగుతుందో ఎక్స్‌రేలో ముందే చెప్పే గుర్తులను కూడా ఆయన ఇచ్చారు. అందువల్ల కోర్సు అయిపోయాక కూడా ఎదుగుదల ఆగేదాకా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తుండాలి.

పిల్లలకు టీబీ సాధారణంగా దగ్గే పెద్దవాళ్ళ నుంచి వస్తుంది. పిల్లలో తేలిందంటే ఇంట్లో ఉన్న పెద్దలందరికీ, ఈమధ్య వచ్చి నెలల తరబడి ఉండి వెళ్ళిన తాతలు, నానమ్మలు, అమ్మమ్మలతో సహా, పరీక్ష చేయించాలి. వాళ్ళు అప్పటికే ఊరు వెళ్ళిపోయి ఉంటే, ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీబీ పరీక్ష, మందులు రెండూ ఉచితమేనని ఫోన్ చేసి చెప్పండి.